రెప్పలేని కన్ను – రాతినేల చరిత్ర



పాముకు మన నిఘంటువులు ఇచ్చిన పేర్లలో చక్షుశ్శ్రవము అనేది ఒకటి. చక్షువులే చెవులుగా కలది, అంటే కళ్ళతో వినేది అని వ్యుత్పత్తి. అమరకోశంలోని సర్పపర్యాయాలలో ఈ పేరుతో పాటు గూఢపాదము, బిలేశయము, పవనాశనము అన్న అర్థాలనిచ్చే పదాలు కూడా ఉన్నాయి. దాచిన పాదాలు కలది, బిలంలో శయనించేది, గాలిని భుజించేది అని వాటి భావం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ పర్యాయపదాలను పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. పదవీ విరమణ అయ్యాక కొండాపురం ప్రాంతానికి కాపురం మార్చి, అద్దాల మేడల మధ్య ఇంకా మిగిలి ఉన్న రాతిగుట్టలను రోజూ చూస్తూ ఉండటంతో, ఆ పేర్లలో పరిశీలన ఎంత, కల్పన ఎంత అని ఆలోచించే తీరిక దొరికింది. ఆ ఆలోచన సరీసృపాల కంటి నిర్మాణం దాకా, అక్కడినుండి ఈ నేల చరిత్ర దాకా తీసుకుపోయింది. ఈ టపా దాని గురించే.

ముందుగా చక్షుశ్శ్రవమన్న మాటనే చూద్దాం. పాముకు బయటికి కనిపించే చెవి లేదు. నేలలోని కదలికలు దాని దవడ ఎముకల ద్వారా లోపలి చెవికి చేరుతాయి. కనుక పాము కంటితో వినదు. అయినా ఆ పేరు పెట్టినవారు ఒక సంగతిని సరిగానే గమనించారు: పాము కన్ను ఎన్నడూ మూతపడదు. పాముకు రెప్పలు లేవని సాధారణంగా చెప్పుకుంటాం. కచ్చితంగా చెప్పాలంటే, పిండదశలోనే దాని రెప్పలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, గాజులా పారదర్శకమైన ఒక పొరగా మారుతాయి. ఆ పొర కంటిమీద శాశ్వతంగా బిగిసి ఉంటుంది. దీన్ని అద్దపురెప్ప అందాం. పాత కుబుసం ఎక్కడైనా దొరికితే తలభాగాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. కళ్ళుండే చోట రెండు చిన్న గుండ్రని అద్దాలు కనబడతాయి. చర్మంతో పాటు అవి కూడా ఊడివస్తాయి. కుబుసం విడిచే ముందు కొద్దిరోజులు పాము కళ్ళు పాలనీలంగా మసకబారడానికి కారణం కూడా ఈ పాతపొర కింద కొత్తపొర తయారవుతూ ఉండటమే.

మన పురాణాల్లో రెప్ప వేయనివారు దేవతలు. అందుకే వారిని అనిమిషులు అంటాం. ఆ లెక్కన మన ఇంటి గోడమీది బల్లి కూడా అనిమిషురాలే. దానికీ ఈ అద్దపురెప్పే. కంటిమీద దుమ్ము పడితే నాలుక చాచి తుడుచుకుంటుంది. మన పంచాంగాలు బల్లిపాటు ఫలితాలను తల మొదలు పాదం దాకా పట్టికలు వేసి చెప్పాయి. బల్లి కంటిలో ఒక పెద్ద చరిత్రే దాగి ఉందని చెప్పే పట్టిక మాత్రం వాటిలో లేదు.

ఈ చరిత్రలో మన తెలుగు నేలకు ఒక గౌరవస్థానం ఉంది. స్కాట్లాండుకు చెందిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు సిరియాలోని అలెప్పో నగరంలో చాలాకాలం పనిచేసి, ఆ తరువాత విశాఖపట్టణం చేరాడు. 1785లో ఈస్టిండియా కంపెనీవారు ఆయనను తమ ప్రకృతిశాస్త్రజ్ఞుడిగా నియమించారు. కోరమాండల్ తీరంలో సేకరించిన పాములను గురించి ఆయన రాసిన సచిత్ర గ్రంథం 1796లో లండన్‌లో వెలువడింది. లాటిన్ పేర్లు ఇంకా స్థిరపడని ఆ రోజుల్లో రస్సెల్ చాలా పాములను స్థానికులు చెప్పిన పేర్లతోనే, అంటే తెలుగు పేర్లతోనే, ఆంగ్లలిపిలో అచ్చు వేయించాడు. ఈనాడు ప్రపంచమంతా ఆయన పేరుతో పిలిచే రక్తపింజర ఆ పుస్తకంలో ‘కటుక రేకుల పొడ’. కంటికి పెట్టే కాటుక ఒక పాము వంటిమీది గీతలకు పేరై లండన్ అచ్చుయంత్రం దాకా పోయిందంటే తెలుగువాడికి ముచ్చటగానే ఉంటుంది. కట్లపాము ప్రజాతికి శాస్త్రజ్ఞులు వాడే బంగారస్ అన్న పేరు కూడా ఆ పుస్తకంలోని ‘బంగారం పామ’ నుండి పుట్టినదే.

ఆ గ్రంథంలోనే ‘రొండు తలూలూ పామ్’ అన్న పేరుతో ఒక బొమ్మ ఉంది. మన రెండు తలల పామన్నమాట. వానపాములా సన్నగా, నల్లగా ఉండి పూలకుండీల మట్టిలో కనిపించే గుడ్డిపాము అది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దొదాఁ 1803లో ఈ బొమ్మను ఆధారం చేసుకునే దానికి శాస్త్రీయనామం పెట్టాడు. కనుక ఈనాడు భూగోళంలో అనేక దేశాలకు పాకిపోయిన ఆ జీవికి శాస్త్రం దృష్టిలో పుట్టినిల్లు విశాఖపట్టణమే. దాని కన్ను పొలుసు కింద ఉన్న ఒక నల్లచుక్క. వెలుతురు ఉందో లేదో తెలుసుకోవటానికి మించి దానికి పెద్దగా పని లేదు. నేల లోపల బ్రతికేదానికి ఎండ లేదు, గాలి లేదు, కంటినీరు ఆవిరైపోతుందన్న భయమూ లేదు. అలాంటిచోట కన్ను కుంచించుకుపోయింది. ఈ ఉదాహరణను గుర్తుంచుకుంటే, నేలమీద ఎండలో బ్రతికేవాటి కంటికి ఎన్ని బాధ్యతలో స్పష్టమౌతుంది.

ఎడారి అనగానే మనకు ఇసుకతిన్నెలు గుర్తుకు వస్తాయి. జైసల్మేరులో ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వానే పడుతుంది. హైదరాబాదులో సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది. ఆ లెక్కన మనది ఎడారి కాదు. అయితే జీవికి కావలసినది ఆకాశం నుండి పడిన నీరు కాదు, నేలలో నిలిచిన నీరు. దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి నల్లసేనపు రాతి పలక మీద పడిన వాన ఆ గంటలోనే జారిపోతుంది. వేసవి మధ్యాహ్నం ఆ రాతిమీద అరచేయి ఆనించలేం. నీడ లేదు, తేమ లేదు, గాలిలో సన్నని దుమ్ము. మాదాపూరు, కొండాపురం, గచ్చిబౌలి, ఖాజాగూడ ప్రాంతాల రాతిగుట్టలు అలాంటి చిన్న చిన్న ఎడారులు. ఆ నేలమీద ఉండేవాటి కంటికి నాలుగు సమస్యలు: నీటిని కాపాడుకోవటం, దుమ్మును ఆపటం, మండే వెలుతురును తట్టుకోవటం, ఎండలో ఎంతసేపు ఉండాలో తెలుసుకోవటం.

మొదటి రెండింటికీ సమాధానం అద్దపురెప్పలో ఉంది. మనం రెప్ప వేసినప్పుడల్లా కన్నీటిపొర కంటిమీద పరుచుకుంటుంది. తెరిచి ఉంచినంతసేపూ అది ఆవిరి అవుతూనే ఉంటుంది. మన వంటి పెద్ద శరీరానికి ఆ నష్టం లెక్కలోకి రాదు. కానీ వేలెడంత బల్లికి, శరీరంతో పోలిస్తే కన్ను ఎంతో పెద్దది. తడి కన్ను దానికి మూతలేని కుండ వంటిది. అలెన్ గ్రీర్ అనే శాస్త్రజ్ఞుడు 1983లో, అనేక బల్లికుటుంబాలను పోల్చిచూసి, అద్దపురెప్ప ఏర్పడటానికి ముఖ్యకారణం ఈ నీటినష్టాన్ని తగ్గించుకోవటమేనని ప్రతిపాదించాడు. దుమ్ము నుండి రక్షణ అన్న పాత వివరణ కంటే ఇది ఒక మెట్టు లోతైనది. కొన్ని నలికిరుల్లో కింది రెప్ప మధ్య ఒక చిన్న పారదర్శకమైన కిటికీ ఉంటుంది. రెప్ప మూసినా లోకం కనబడుతుంది. రెప్పకు కిటికీ పెట్టడం ఒక మెట్టు, ఆ రెప్పను శాశ్వతంగా మూసివేయటం తరువాతి మెట్టు అని ఊహించటం కష్టం కాదు. అద్దపురెప్ప వెనుక కన్ను తడిగానే ఉంటుంది. ఆ నీరు బయటికి పోదు, పాముల్లో సన్నని నాళం గుండా నోటి పైభాగానికి చేరుతుంది. పాము కన్నీరు నేలమీద పడదన్నమాట.

ఈ సమస్యకు వేర్వేరు ఎడారుల్లో వేర్వేరు జీవులు తమతమ ఉపాయాలు కనిపెట్టుకున్నాయి. అమెరికా ఇసుక ఎడారుల్లోని ఒక జాతి బల్లికి రెప్పల అంచున దువ్వెన పళ్ళలాంటి పొలుసులుంటాయి. ఇసుకలోకి దూరినప్పుడు రేణువులను అవి ఆపుతాయి. ఆఫ్రికాలోని నమీబ్ ఎడారిలో సముద్రం నుండి వచ్చే పొగమంచు ఒక బల్లి కంటి అద్దంమీద చుక్కలుగా పేరుకుంటుంది. అది నాలుకతో ఆ చుక్కలను నాకి దాహం తీర్చుకుంటుంది. కన్నే దానికి చెరువు!

మూడవ సమస్య వెలుతురు. పగలు తిరిగే చాలా బల్లుల నేత్రపటలంలోని శంకుకణాల్లో చిన్న పసుపురంగు నూనెబొట్లు ఉంటాయి. మనం పెట్టుకునే చలువ కళ్ళద్దాల పనిని అవి కొంతవరకు చేస్తాయి. రాత్రి తిరిగే బల్లులది వేరే దారి. వాటి కంటిపాప నిలువుగా ఉండి, వెలుతురులో సన్నని గీతగా ముడుచుకుంటుంది. కొన్నింటిలో ఆ గీత పూర్తిగా మూతపడినప్పుడు ఒకదాని కింద ఒకటిగా నాలుగు సూదిబెజ్జాలు మాత్రమే మిగులుతాయి. చీకట్లో అదే పాప విశాలంగా విచ్చుకుంటుంది. ఆఫ్రికా వాయవ్యతీరంలో ఉండే ఒక బల్లిమీద స్వీడన్ శాస్త్రజ్ఞులు పరిశోధన చేసి, మసక వెన్నెలలో కూడా అది రంగులను గుర్తుపట్టగలదని 2004లో ప్రకటించారు. అంతటి వెన్నెలలో మనకు మల్లెకూ మంకెనకూ రంగుభేదం తెలియదు.

ఈ సామర్థ్యం ఎక్కడిది? ఇక్కడే కంటిలో చరిత్ర మొదలవుతుంది. గోర్డన్ వాల్స్ అనే అమెరికన్ పండితుడు వెన్నెముక గల జీవుల కళ్ళన్నింటినీ పోల్చి 1942లో ఒక ఉద్గ్రంథం వెలువరించాడు. బల్లుల పూర్వీకులు పగటిజీవులై, చీకటిలో పనిచేసే దండకణాలను పోగొట్టుకున్నాయనీ, తరువాత రాత్రిజీవితానికి మళ్ళినప్పుడు, ఉన్న శంకుకణాలనే దండకణాల్లా మలచుకున్నాయనీ ఆయన వాదించాడు. యాభై ఏళ్ళ తరువాత, 1992లో, జపాన్ శాస్త్రజ్ఞులు బల్లి కంటిలోని వర్ణకాలను పరీక్షించి, దండాకారపు ఆ కణాల్లో ఉన్నవి శంకుకణాల వర్ణకాలేనని తేల్చారు. కణం వేషం మార్చుకుంది కానీ వంశం మార్చుకోలేదు.

పాము కన్నును గురించి వాల్స్ చెప్పినది మరింత ఆశ్చర్యకరం. తొండ కన్నును గట్టిగా పట్టి ఉంచే ఎముకల ఉంగరం పాముకు లేదు. తొండ కటకాన్ని నొక్కి దృష్టిని సరిచేసుకుంటుంది, పాము కటకాన్ని ముందుకు జరుపుతుంది. పసుపు నూనెబొట్లూ పాముకు లేవు. వాటికి బదులు కొన్ని పగటిపాములకు కటకమే పసుపుపచ్చగా ఉంటుంది. ఇదంతా చూసి ఆయన, పాముల పూర్వీకులు ఒకప్పుడు నేల లోపల బ్రతికి కంటిలోని భాగాలను పోగొట్టుకున్నాయనీ, మళ్ళీ వెలుగులోకి వచ్చాక కొత్త సామగ్రితో కన్నును పునర్నిర్మించుకున్నాయనీ సిద్ధాంతీకరించాడు. డైనిలీసియా అనే పురాతన సర్పపు శిలాజాన్ని స్కాన్ చేసి, దాని లోపలిచెవి బొరియల్లో బ్రతికే జీవులదిలా ఉందని 2015లో ఇద్దరు శాస్త్రజ్ఞులు రాశారు. పాముల పూర్వీకులు నీటిలో బ్రతికాయనే పక్షమూ ఉంది, ఆ వివాదం సమసిపోలేదు. ఏది ఏమైనా గూఢపాదము, బిలేశయము అన్న పేర్లు చదివిన భాషాపండితుడికి ఈ సిద్ధాంతం చదువుతుంటే చిరునవ్వు రాక మానదు. పేరు పెట్టినవారికి పరిణామశాస్త్రం తెలియదు. చూసినదాన్ని చూసినట్టు చెప్పారు, అంతే.

ఇక నాలుగవ సమస్య, ఎండలో ఉండే కాలపరిమితి. హైదరాబాదు రాళ్ళమీద కనిపించే తొండలు సామోఫిలస్ అన్న ప్రజాతికి చెందినవి. ఆ గ్రీకుమాటకు ఇసుకప్రేమి అని అర్థం. బ్రతికేది రాతిమీదనైనా పేరులో ఇసుకే మిగిలింది. జతకట్టే కాలంలో మగతొండ ఎరుపూ నలుపూ రంగులతో రాతికొనమీద కూర్చుని తల ఊపుతూ ఉంటుంది. తొండల నడినెత్తిన, రెండు కళ్ళకూ వెనుకగా, ఒక పొలుసు మధ్య చిన్న మచ్చ ఉంటుంది. అది మూడో కన్ను. దానికీ కటకం వంటి భాగం, నేత్రపటలం వంటి భాగం ఉన్నాయి. బొమ్మలు కనబడవు కానీ వెలుతురు తెలుస్తుంది. 1958లో స్టెబిన్స్, ఈకిన్ అన్న ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు కొన్ని బల్లులకు ఆ కన్ను తీసివేసి చూశారు. అవి మిగతావాటికంటే ఎక్కువసేపు ఎండలో ఉండిపోయాయి. కనుక ఆ కన్ను ఎండను కొలిచే తూనిక అని అర్థమైంది. మన ముక్కంటి మూడో కన్ను తెరిస్తే లోకం భస్మం. తొండకు ఆ కన్ను లేకపోతే తనకే తాపం.

ఇప్పుడు ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన జీవి దగ్గరకు వస్తాను. దక్కను పీఠభూమి పొడినేలల్లో, గడ్డిదుబ్బుల మధ్య, చిటికెలో పరుగెత్తి మాయమయ్యే ఒక సన్నని చారల బల్లి ఉంది. పాములాంటి కన్ను కలది అన్న అర్థంలో దాని ప్రజాతికి ఓఫిసాప్స్ అని పేరు. దీని కింది రెప్ప పై రెప్పకు అతుక్కుపోయి అద్దపురెప్పగా మారింది. ఇందులోని ఒక జాతిని 1829లో కోరమాండల్ తీరపు నమూనాతోనే శాస్త్రలోకానికి పరిచయం చేశారు. దీని బంధువులు టర్కీలోనూ, సిరియాలోనూ ఉన్నాయి. రస్సెల్ ప్రయాణించిన అలెప్పో, తెలుగునేల దారిని ఈ బల్లుల వంశం ఎన్నో యుగాల ముందే నడిచింది.

2017లో ఈశాన్ అగర్వాల్, ఉమా రామకృష్ణన్ అనే భారతీయ శాస్త్రజ్ఞులు ఈ బల్లుల జన్యువులను పోల్చి వంశవృక్షం వేశారు. ఈ జీవి దట్టమైన అడవిలో ఉండదు. గడ్డి, ముళ్ళపొద, రాయి ఉన్న తెరపనేలే దీని ఇల్లు. కనుక దీని వంశం మనదేశంలో ఎంత పాతదైతే అలాంటి నేల కూడా అంత పాతదై ఉండాలి. మనదేశపు గడ్డిభూములు ప్రాచీనమైనవని ఆ పరిశోధన తేల్చింది. ఇంతకుముందు చాలామంది అభిప్రాయం వేరు. అడవులను మనిషి నరకగా మిగిలిన శిథిలాలే ఈ పొదనేలలని అనుకునేవారు. మనిషి గొడ్డలి పుట్టకముందే ఈ నేల ఇలా ఉందని ఒక వేలెడు బల్లి సాక్ష్యం చెప్పింది. ఎండిన నేలకు తగిన దాని కన్ను కూడా అదే వైపు వేలు చూపుతుంది.

ఈ సాక్ష్యానికి విలువ ఎందుకంటే, మన దస్తావేజులు వేరే మాట చెబుతున్నాయి. మనదేశపు బంజరుభూముల పటాల సంపుటి 2000లో మొదటిసారి వెలువడింది. తరువాత పలుమార్లు సవరించి ప్రచురించారు. దానికి ఉపగ్రహచిత్రాల పని చేసినది మన హైదరాబాదులోని దూరసంవేదన సంస్థే. ఆ పటాల్లో పొదలున్న నేల ఒక బంజరు వర్గం, రాతినేల మరొక బంజరు వర్గం. వందల కిలోమీటర్ల ఎత్తునుండి చూసిన కన్నుకు అది వ్యర్థభూమి. జానెడు ఎత్తునుండి చూసే బల్లి కన్నుకు అది కన్నతల్లి. పటం గీసినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వ్యర్థం అని ఒకసారి పేరు పడ్డాక ఆ నేలకు ఏమి జరిగినా ఎవరికీ నష్టం కనిపించదు, నా బాధ అది. పేరుకు అంత బలం ఉంటుందని భాష చెప్పుకు బ్రతికినవాడికి తెలియనిది కాదు.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పటినుండి ఈ ప్రాంతం రూపురేఖలు మారిపోయాయి. అంతకు రెండేళ్ళ ముందే, 1996లో, ఈ నగరపు రాళ్ళను కాపాడాలని కొందరు పౌరులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. వారి కృషివల్ల కొన్ని శిలాకృతులకు వారసత్వ సంపదగా గుర్తింపు లభించింది. మిగిలినవి పునాదుల కిందికీ, కంకరమిల్లుల్లోకీ పోయాయి. నేను కొలువుల వ్యతిరేకిని కాను. మా వీధిలోని ఇళ్ళన్నీ ఆ కొలువుల మీదే నిలిచాయి, మా ఇల్లు కూడా.

2025 మార్చి నెలాఖరున కంచ గచ్చిబౌలిలో, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లో, యంత్రాలతో చెట్లు కూల్చటం మొదలైనప్పుడు విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపించింది. ఆ నేల ఎవరిదన్న వ్యాజ్యంలోకి నేను పోను. ఆ రోజుల్లో అందరూ జింకల గురించీ, నెమళ్ళ గురించీ మాట్లాడారు. అది అడవా కాదా అన్నదే పెద్ద వాదమైంది. అడవి అయితేనే కాపాడదగినది, కాకపోతే ఖాళీజాగా అన్న భావం రెండువైపుల మాటల్లోనూ వినిపించింది. కానీ ఆ ఊరిపేరులోనే జవాబు ఉంది. కంచ అంటే హద్దుపెట్టి పశువుల మేతకు ఉంచిన గడ్డినేల. మన పెద్దలు దాన్ని అడవి అనలేదు, వ్యర్థమనీ అనలేదు. దాని పని దానికి ఉన్న నేలగా గుర్తించి, దానికొక పేరు పెట్టారు.

పొడినేల ఏ లోటూ లేని నేల. ఎండకు తగిన రెప్ప, దుమ్ముకు తగిన అద్దం, వెన్నెలకు తగిన పాప, సూర్యుణ్ణి కొలిచే మూడో కన్ను – ఇవన్నీ తయారు కావటానికి కోట్ల సంవత్సరాలు పట్టింది. చెట్లు నాటి ‘పచ్చగా’ చేసినా, కాంక్రీటు పోసి చదును చేసినా అవి నిలవవు. పార్కులో పచ్చికమీద ఓఫిసాప్స్‌కు చోటు లేదు.

ఈ రాత్రి మీ ఇంటి గోడమీద బల్లి కనబడితే తరిమేముందు ఒక్క నిమిషం దాని కళ్ళలోకి చూడండి. దీపం దగ్గరున్నప్పుడు ఆ పాప ఎలా ముడుచుకుంటుందో, చీకటివైపు జరిగాక ఎలా విచ్చుకుంటుందో గమనించండి. అలాగే మీ ఊళ్ళో రాతినేలకూ, పొదనేలకూ, మేతబీడుకూ ఉన్న పేర్లను, అక్కడ తిరిగే బల్లుల, తొండల పేర్లను పెద్దలనడిగి రాసిపెట్టండి. రెండువందల ఏళ్ళకు పూర్వం ఒక పరదేశి వైద్యుడు మనవారి నోటిమాటలను విని రాసుకున్నందువల్లే కటుక రేకుల పొడ అనే పేరు మనకు దక్కింది. మనమే రాసుకుంటే ఇంకెన్ని దక్కుతాయో కదా! బంజరు అన్న ఒక్క మాట కింద ఎన్ని నేలలు కప్పబడి ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది.

స్వస్తి.